విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం: మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మా చెల్లెలికి మొదటి కాన్పు కువైట్‌లో అయింది. అప్పుడు కాగితాల కోసం కావలికీ నెల్లూరుకీ మధ్య తిరిగింది నేనే. ఆ తిరుగుడులో నాలుగు విషయాలు తెలిశాయని ఎవరో చెప్పారట, అప్పటినుంచి ఫోన్లు ఆగలేదు. ఒకరు ఆత్మకూరు నుంచి, ఒకరు కనిగిరి నుంచి, ఒకరు నేరుగా దోహా నుంచి. ఊర్లు వేరు గానీ ప్రశ్నలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను లాయర్ని కాను. ఫీజులు, అపాయింట్‌మెంట్ పద్ధతులు దేశానికొక రకంగా ఉంటాయి కాబట్టి వాటిని మాత్రం మీ ఎంబసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా ఉంటుంది, మీకు కావలసింది చదివితే చాలు.

## ముందు తేల్చుకోవలసినవి

అమ్మా ఇండియన్, నాన్నా ఇండియన్. బిడ్డ ఎక్కడ పుట్టినా ఇండియనే కదా, మళ్లీ రిజిస్ట్రేషన్ ఏంటి?

ఒకప్పుడు మీరన్నట్టే ఉండేది. ఇప్పుడు లేదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 4వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. 1950 జనవరి 26 నుంచి 1992 డిసెంబరు 10 లోపు విదేశంలో పుట్టినవాళ్లకి తండ్రి భారత పౌరుడై ఉండాలి, తల్లిని లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. 1992 డిసెంబరు 10 నుంచి తల్లిదండ్రుల్లో ఎవరు భారత పౌరులైనా సరిపోయింది. 2004 డిసెంబరు 3 నుంచి ఇంకో షరతు చేరింది: పుట్టిన ఏడాదిలోపు అక్కడి భారత ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో జననం నమోదు చేయించాలి. నమోదు కాకపోతే, తల్లిదండ్రులిద్దరూ ఇండియన్లే అయినా, చట్టం దృష్టిలో బిడ్డ భారత పౌరుడు కాడు. "మా పెదనాన్న కొడుకు మస్కట్‌లోనే పుట్టాడు, వాడికి ఇవేవీ చేయించలేదే" అని ఒకాయన నాతో వాదించాడు. ఆ అబ్బాయి పుట్టింది 1995లో, అప్పటి నియమం వేరు.

మా ఆయన కెనడా పౌరసత్వం తీసుకున్నాడు. నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. బిడ్డకి మన పౌరసత్వం వస్తుందా?

వస్తుంది. బిడ్డ పుట్టిన రోజు నాటికి మీ ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే చాలు. కాకపోతే నమోదు సమయంలో బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. కెనడా పాస్‌పోర్టు తీసేసుకుని వెళ్తే ఆ మాట రాసివ్వలేరు, నమోదు కూడా జరగదు.

గ్రీన్ కార్డు వచ్చేసింది. ఇంకా ఇండియన్లమేనా?

మీరు ఇండియన్లే. గ్రీన్ కార్డు అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి మాత్రమే, పౌరసత్వం కాదు. అమెరికా పౌరుడిగా ప్రమాణం చేసిన రోజున మాత్రం 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు బీరువాలో భద్రంగా ఉన్నా సరే, అది ఇక చెల్లదు.

లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పుడితే బిడ్డకి ఆ దేశం పౌరసత్వం రాదా?

చాలామంది అమెరికాని చూసి ప్రపంచమంతా అలాగే ఉంటుందనుకుంటారు. పుట్టినంత మాత్రాన పౌరసత్వం ఇచ్చే దేశాల్లో మనవాళ్లు ఎక్కువగా ఉన్నవి అమెరికా, కెనడా. బ్రిటన్‌లో 1983 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 1986 ఆగస్టు 20 నుంచి ఆ పద్ధతి లేదు. అక్కడ తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ దేశ పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. ఐర్లాండ్ కూడా 2005 నుంచి మానేసింది. సింగపూర్‌లో ఎప్పటినుంచో లేదు. గల్ఫ్ సంగతి చెప్పనక్కరలేదు, అక్కడ ముప్పై ఏళ్లున్నా మనం బయటివాళ్లమే. ఈ దేశాల్లో వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో ఉన్న జంటకి బిడ్డ పుట్టి, మన ఎంబసీలో నమోదు కాకపోతే, ఆ పసిగుడ్డు ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోతుంది. నమోదు అన్నది ఎక్కువగా కావలసింది వీళ్లకే.

మేమిద్దరం సింగపూర్ పౌరసత్వం తీసుకున్నాం, తర్వాత బాబు పుట్టాడు. తాత, నాయనమ్మ నెల్లూరులోనే ఉన్నారు. వాళ్ల ద్వారా వస్తుందా?

రాదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకి దాదాపు ఇలాంటి కేసే వచ్చింది. తల్లి కడుపుతో ఉండగానే తల్లిదండ్రులు సింగపూర్ పౌరులైపోయారు, పెద్దయ్యాక ఆ అబ్బాయి భారత పౌరసత్వం కావాలన్నాడు. తల్లిదండ్రులు తమంతట తాము వదులుకున్న పౌరసత్వాన్ని అతను తిరిగి కోరలేడని కోర్టు తేల్చింది. మీ బాబుకి ఓసీఐ కార్డు తీసుకోండి, అది మన మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే జీవితకాల వీసా లాంటిది.

## కాన్పుకి ముందు

మా కోడలికి ఆరో నెల. కాన్పు కువైట్‌లోనే. ఇక్కడి నుంచి ఏ కాగితాలు పంపాలి?

అన్నిటికంటే ముందు పెళ్లి సర్టిఫికెట్. గల్ఫ్ దేశాల్లో పెళ్లి రుజువు లేకుండా బిడ్డకి జనన ధ్రువపత్రం తెచ్చుకోవడం చాలా కష్టం. మన వైపు కల్యాణ మండపంలోనో పెంచలకోనలోనో తాళి కట్టించి, భోజనాలు పెట్టి, వీడియో తీయించి, రిజిస్ట్రేషన్ సంగతే మరిచిపోతారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసు రుజువులు పెట్టి రిజిస్టర్ చేయించుకోవచ్చు గానీ దంపతులిద్దరూ సాక్షులతో సహా రావాలి. ఒకరు కువైట్‌లో, ఇంకొకరు కందుకూరులో ఉంటే అక్కడే పని ఆగిపోతుంది. అందుకే కోడలు విమానం ఎక్కకముందే ఇది ముగించాలి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ముద్రలు వేయించాలి. కువైట్, యూఏఈ, ఖతార్‌లకైతే రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత మన విదేశాంగ శాఖ, ఆపైన ఆ దేశం ఎంబసీ, చివరికి అక్కడి విదేశాంగ శాఖ. ఒమన్, బహ్రెయిన్, సౌదీ మాత్రం అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ ముద్ర తర్వాత మన విదేశాంగ శాఖ వేసే ఆ అపోస్టిల్ స్టిక్కరుతో సరిపోతుంది. ఏజెంటుకి డబ్బులిచ్చేముందు ఏ దేశానికో గట్టిగా చెప్పండి. ఒకావిడ కువైట్‌కి వెళ్లాల్సిన కాగితానికి అపోస్టిల్ వేయించుకుంది, మళ్లీ మొదటికొచ్చింది.

పెళ్లి సర్టిఫికెట్‌లో పేరు ఒకలాగా, పాస్‌పోర్టులో ఇంకోలాగా ఉంది. పర్వాలేదా?

పర్వా ఉంది. నాకొచ్చే ఫోన్లలో సగం దీని గురించే.

మన పేర్లు తెలుగులో ఒక్కటే, ఇంగ్లిషులోకి వెళ్లేసరికి నాలుగవుతాయి. పెంచలయ్యకి చివర హెచ్ ఉన్న పాస్‌పోర్టు, హెచ్ లేని టెన్త్ సర్టిఫికెట్ ఉంటాయి. మాలకొండయ్యకి మధ్యలో ఎల్ ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు. వెంకటేశ్వర్లు గురించి చెప్పేదేముంది. ఆపైన ఇంటిపేరు. మనం ముందు రాస్తాం, పాస్‌పోర్టు దాన్ని విడిగా వేరే గడిలో అడుగుతుంది. కొందరు పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా వదిలి, ఇంటిపేరుని అసలు పేరులో కలిపేశారు. కొందరు ఒక్క అక్షరంతో సరిపెట్టారు. పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు ఒక కాగితంలో మారి, ఇంకోదాంట్లో మారదు. కౌంటర్‌లో కూర్చున్నాయనకి ఇవన్నీ వేరు వేరు మనుషుల్లా కనబడతాయి. ఆయన తప్పు లేదు, ఆయనకి మన పెంచలయ్య తెలియదు కదా.

నా మాట ఒక్కటే: పాస్‌పోర్టుని కొలబద్దగా పెట్టుకోండి. పెళ్లి సర్టిఫికెట్, అక్కడి ఆసుపత్రి ఫైలు, జనన ధ్రువపత్రం, అన్నిటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, అదే వరసలో రావాలి. తప్పు పాస్‌పోర్టులోనే ఉంటే కాన్పుకి ముందే దాన్ని సరిచేయించి, కొత్త పాస్‌పోర్టుతో మిగతావి మొదలుపెట్టండి. రెండు పేర్లూ ఒక్కరివే అని నోటరీ అఫిడవిట్ రాయిస్తే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. దాన్ని నమ్ముకుని ఊరుకోవద్దు. వీలైతే భార్య పాస్‌పోర్టులో భర్త పేరు, భర్త పాస్‌పోర్టులో భార్య పేరు ఎక్కించుకోండి, సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

బారసాల ఊళ్లో చేద్దామనుకున్నాం. అప్పటిదాకా పేరు పెట్టకుండా ఉండొచ్చా?

ఉండొద్దు. పేరు లేకుండా ఎంబసీ పని కదలదు. జనన ధ్రువపత్రంలో ఒక పేరు రాయించి, తర్వాత నక్షత్రం ప్రకారం ఇంకో పేరు పెట్టుకుంటామంటే ఆ మార్పు కోసం రెండు దేశాల్లో తిరగాల్సి వస్తుంది. పుట్టిన వేళ పంతులుగారికి వాట్సాప్ చేసి అక్షరం కనుక్కోండి, రెండు పేర్లు ముందే అనుకుని పెట్టుకోండి. ఉయ్యాల వేడుక తర్వాత ఊళ్లో ఎంత ఘనంగానైనా చేసుకోవచ్చు. గల్ఫ్‌లో అరబిక్ కాగితం మీద బిడ్డ పేరు వెనక తండ్రి పేరు, తాత పేరు కూడా చేర్చేస్తుంటారు. ఇంగ్లిషు అనువాదం చేయించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

## పుట్టిన తర్వాత

బిడ్డ పుట్టింది. ఎన్ని రోజుల్లో చేయించాలి?

మన చట్టం ఏడాది ఇస్తుంది. కానీ మీరున్న దేశం అంతవరకు ఆగదు. యూఏఈలో పుట్టిన 120 రోజుల్లోపు బిడ్డకి రెసిడెన్స్ వీసా వేయించాలి, దాటితే జరిమానా. వీసా కావాలంటే పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టు కావాలంటే ఎంబసీలో నమోదు కావాలి. వరస ఇది: ఆసుపత్రి ఇచ్చే పుట్టిన కాగితం, దాంతో అక్కడి ప్రభుత్వ జనన ధ్రువపత్రం, అరబిక్‌లో ఉంటే ఇంగ్లిషు అనువాదం, అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత మన ఎంబసీ. తల్లి పచ్చి బాలింతగా ఉన్నప్పుడే ఈ పరుగులన్నీ పెట్టాల్సి వస్తుంది కాబట్టి తండ్రి ముందే నాలుగు రోజులు సెలవు దాచిపెట్టుకోవడం మంచిది.

ఎంబసీలో ఏమేం అడుగుతారు?

కేంద్ర హోం శాఖ పౌరసత్వ పోర్టల్‌లో ఫారం 1 నింపాలి. విదేశంలో పుట్టిన మైనర్ బిడ్డ జననాన్ని నమోదు చేసేది ఆ ఫారమే. దాని ప్రింటు, అక్కడి జనన ధ్రువపత్రం, ఇద్దరి పాస్‌పోర్టులు, వీసా లేదా అకామా (గల్ఫ్ నివాస కార్డు), పెళ్లి సర్టిఫికెట్, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదన్న ప్రకటన, ఫొటోలు. ఒరిజినల్స్ తీసుకెళ్లండి, రెండేసి జిరాక్స్ సెట్లు కూడా. ఇప్పుడు చాలా దేశాల్లో ఎంబసీలు ఈ పనిని బయటి కేంద్రాలకి అప్పజెప్పాయి, అప్లికేషన్ తీసుకునేది అక్కడే గానీ నిర్ణయం ఎంబసీదే. పసిబిడ్డ ఫొటో గురించి ఒక చిట్కా: తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీయండి. కాటుక బొట్టు తుడిచేయండి. మా చెల్లెలి అత్తగారు దిష్టి తగులుతుందని ఒప్పుకోలేదు, ఆ ఫొటో వెనక్కి వచ్చింది.

మా అల్లుడు నెల్లూరులో ఉన్నాడు, అమ్మాయి ఒక్కతే అక్కడ ఉంది. అతని సంతకం ఎట్లా?

నమోదు సమయంలో తల్లిదండ్రులు ఇచ్చే ప్రకటన ఉంటుంది కాబట్టి ఇద్దరి సంతకాలూ అడుగుతారు. అల్లుడు ఇక్కడే నోటరీ ముందు సమ్మతి పత్రం మీద సంతకం చేసి, తన పాస్‌పోర్టు కాపీతో కలిపి పంపాలి. పాస్‌పోర్టు అప్లికేషన్‌కి ఇద్దరి సమ్మతి తెలిపే అనెక్షర్ డి వేరే ఉంటుంది. దంపతుల మధ్య గొడవలుండి ఒకరు సంతకం పెట్టనంటే అనెక్షర్ సి అని ఇంకోటి ఉంది, అందులో ఎందుకు పెట్టించలేకపోయారో రాయాలి.

పాస్‌పోర్టు ఇచ్చేశారు. జనన నమోదు సర్టిఫికెట్ అని వేరే ఉంటుందా?

ఉంటుంది, అడిగి తీసుకోండి. మా చెల్లెలు వెళ్లిన చోట కౌంటర్‌లోని అమ్మాయి "పాస్‌పోర్టు వచ్చింది కదా, ఇంకేం కావాలి" అని పంపేసింది. మూడు వారాల తర్వాత మళ్లీ సెలవు పెట్టి వెళ్లి తెచ్చుకున్నారు. పాస్‌పోర్టు గడువు తీరి మారుతూ ఉంటుంది, చిరుగుతుంది, పోతుంది కూడా. 4వ సెక్షన్ కింద నమోదైనట్టు చూపించే కాగితం మాత్రం ఆ ఒక్కటే. లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

మా అమ్మాయి ఖల్లివల్లిలో (అనుమతి కాగితాలు లేకుండా) ఉంది, అకామా లేదు. బిడ్డ పుట్టింది. ఎంబసీకి వెళ్తే పట్టిస్తారా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. ముందు ఇది వినండి: తల్లి వీసా పోయినంత మాత్రాన బిడ్డ హక్కు పోదు. చట్టం చూసేది తల్లో తండ్రో భారత పౌరులా కాదా అని, అకామా ఉందా లేదా అని కాదు. చిక్కంతా అక్కడి జనన ధ్రువపత్రంతో వస్తుంది. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర్నుంచి బయటికొచ్చేసిన కద్దామాకి (ఇంటి పనిమనిషికి) ఆసుపత్రి కాగితం తెచ్చుకోవడమే కష్టం. భయపడి ఇంట్లోనే ఉండిపోతే రోజులు గడిచేకొద్దీ ముడి బిగుసుకుంటుంది. ఎంబసీలోని కార్మిక సంక్షేమ విభాగానికి నేరుగా వెళ్లాలి. ఇంటికి రావాలనుకుంటే తల్లికీ బిడ్డకీ ఔట్‌పాస్ (పాస్‌పోర్టు బదులు ఎంబసీ ఇచ్చే ప్రయాణ పత్రం) మీద ప్రయాణం ఏర్పాటు చేయమని అడగొచ్చు. ఇక్కడి నుంచి మీరు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, నంబరు వస్తుంది, దాన్ని పట్టుకుని అడగొచ్చు. ఏజెంటు "నేను చూసుకుంటా" అంటే ఎంతకని అడగకముందే ఫోన్ పెట్టేయండి.

## ఏడాది దాటిపోతే

రెండేళ్లయింది, చేయించలేదు. ఇక అంతేనా?

అంతే కాదు, కానీ సులువూ కాదు. ఏడాది దాటాక నమోదుకి కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఫారం అదే, ఎంబసీ అదే. దాంతోపాటు ఎందుకు ఆలస్యమైందో వివరంగా రాసిన లేఖ పెట్టాలి, ఎంబసీ దాన్ని హోం శాఖకి పంపుతుంది. లేఖలో ఉన్నది ఉన్నట్టు రాయండి. పేర్ల తేడా సరిచేయించడానికి టైం పట్టిందనుకోండి, ఆ అప్లికేషన్ల రశీదులు జతచేయండి. తల్లి అనారోగ్యమైతే ఆసుపత్రి కాగితాలు. "తెలియలేదు" అన్నది కూడా నిజమే అయితే రాయొచ్చు, మనవాళ్లలో చాలామందికి నిజంగానే తెలియదు. తేదీల వారీగా రాస్తే చదివేవాళ్లకి నమ్మకం కుదురుతుంది. అనుమతి వచ్చేలోపు విసుగొచ్చి వేరే దేశం పాస్‌పోర్టు తీసుకున్నారో, ఆ దారి మూసుకుపోతుంది.

ఊరికొచ్చేశాం. మున్సిపాలిటీలో పుట్టిన సర్టిఫికెట్ తీసుకున్నాం. అది చాలదా?

ఇక్కడ రెండు వేరు వేరు చట్టాలున్నాయి, వాటిని కలిపేసుకుంటున్నారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 20వ సెక్షన్ ఒక సౌకర్యం ఇచ్చింది: విదేశంలో బిడ్డ పుట్టి, అక్కడ కాన్సులేట్‌లో నమోదు కాకపోయి, తల్లిదండ్రులు స్థిరపడటానికి ఇండియా వచ్చేస్తే, బిడ్డ వచ్చిన 60 రోజుల్లోపు ఇక్కడి రిజిస్ట్రార్ దగ్గర ఆ జననం రాయించుకోవచ్చు. 60 రోజులు దాటితే ఆలస్యపు నమోదు పద్ధతి. దాంతో మీకు ఒక జనన ధ్రువపత్రం వస్తుంది, బడిలో చేర్పించడానికి పనికొస్తుంది. కానీ అది ఫలానా తేదీన ఫలానా చోట పుట్టాడని మాత్రమే చెబుతుంది. ఏ దేశం పౌరుడో చెప్పదు. పౌరసత్వం ఇచ్చేది 1955 చట్టం. కావలి మున్సిపాలిటీకి ఆ అధికారం లేదు, నెల్లూరు కార్పొరేషన్‌కీ లేదు. ఎంబసీలో నమోదు లేకుండా బిడ్డ ఇక్కడ ఉన్నట్టయితే 5వ సెక్షన్ కింద, భారత పౌరుల మైనర్ బిడ్డగా, నమోదుకి అప్లై చేయాలి. ఆ అప్లికేషన్ జిల్లా కలెక్టర్ ద్వారా పైకి వెళ్తుంది.

ఊళ్లోనే పుట్టినట్టు రాయించేస్తే ఈ తలనొప్పి ఉండదు కదా అన్నా?

ఉంటుంది, ఇంకా పెద్దది. బిడ్డ ఏ రోజు, ఏ విమానంలో, ఏ కాగితం మీద దేశంలోకి వచ్చిందో ఇమిగ్రేషన్‌లో రికార్డు ఉంటుంది. తల్లి పాస్‌పోర్టు మీద స్టాంపులు ఆ నెలల్లో ఆమె దుబాయ్‌లో ఉందని చెబుతాయి. రేపు పాస్‌పోర్టు పోలీస్ వెరిఫికేషన్‌లో ఎవరో ఒకరు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తప్పుడు సమాచారంతో సంపాదించిన కాగితం మీద కట్టిన బిడ్డ చదువు, పాస్‌పోర్టు, ఉద్యోగం, అన్నీ కదిలిపోతాయి. పైగా కేసు పడేది మీ మీద. వద్దు తమ్ముడూ.

ఆధార్ వచ్చింది, రేషన్ కార్డులో పేరెక్కింది. పౌరసత్వం ఉన్నట్టేనా?

కాదు. ఆధార్ చట్టంలోనే అది పౌరసత్వానికి రుజువు కాదని ఉంది. విదేశంలో ఉండే మనవాళ్ల పిల్లలకి ఆధార్ తీయాలంటే ముందు భారత పాస్‌పోర్టు చూపించాలి.

## అమెరికా పిల్లల సంగతి

అమెరికా పాస్‌పోర్టు తీశాం. ఇండియన్ పాస్‌పోర్టు కూడా తీయొచ్చా?

తీయకూడదు. భారతదేశం రెండు పౌరసత్వాలని ఒప్పుకోదు. వేరే పాస్‌పోర్టు ఉన్న బిడ్డని 4వ సెక్షన్ కింద నమోదు చేయరు. ఓసీఐ తీసుకోండి, అమెరికాలో అప్లై చేస్తే ప్రభుత్వ ఫీజు 275 డాలర్లు, ఇండియాలో అయితే 15,000 రూపాయలు.

అమెరికా పాస్‌పోర్టు తీయకుండా, ముందే ఇండియన్‌గా నమోదు చేయిస్తే?

చట్టం అడిగేది వేరే పాస్‌పోర్టు ఉందా అని. ఆ లెక్కన పాస్‌పోర్టు తీయని అమెరికా బిడ్డని నమోదు చేయించే వీలుంది. కానీ ఆచరణలో ఇబ్బంది: అమెరికా పౌరులు ఆ దేశంలోకి రావడానికీ పోవడానికీ అమెరికా పాస్‌పోర్టే వాడాలని అక్కడి చట్టం. అక్కడ పుట్టిన బిడ్డకి అమెరికన్ వీసా ఎవరూ ఇవ్వరు. అంటే బిడ్డతో ఇండియా వచ్చేసి ఇక తిరిగి వెళ్లనివాళ్లకి తప్ప ఈ దారి కుదరదు. తిరిగి వెళ్లే ఆలోచన ఏ మూల ఉన్నా ఓసీఐ నయం అని నా అభిప్రాయం.

ట్రంప్ ఆర్డర్ వచ్చాక మా హెచ్1బీ పిల్లల పరిస్థితి ఏంటి?

2025 జనవరి 20న ఇచ్చిన ఆ ఆదేశం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేని బిడ్డలకి పుట్టుక పౌరసత్వం వద్దన్నది. వెంటనే సవాలు చేశారు, కింది కోర్టులు అమలుని ఆపాయి. టెన్షన్ పడుతున్న జంటలకి నేను చెప్పేది ఒక్కటే. అక్కడ ఏమైనా సరే, మన నమోదుకి ఉన్న ఏడాది గడువు పుట్టిన రోజు నుంచే లెక్క. పెళ్లి సర్టిఫికెట్, పేర్ల సర్దుబాటు ముందే చేసి పెట్టుకుంటే ఏ దారి పట్టాల్సి వచ్చినా చేతిలో కాగితం ఉంటుంది.

ఓసీఐ ఉంటే ఇండియన్‌తో సమానమే అంటున్నారు?

చాలావరకు సమానంగా ఉన్నట్టే అనిపిస్తుంది, అవసరం పడిన రోజున తేడా తెలుస్తుంది. జీవితాంతం వీసా అక్కరలేదు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం సాధారణంగా లేదు. వ్యవసాయ భూమి కొనకూడదు. కోవూరు వైపు మాగాణి, చెరువులు ఉన్నవాళ్లు దీనికి కంగారు పడతారు: తాత ఆస్తి వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు, కొనడమే కుదరదు.

మనవాళ్లకి అసలు దెబ్బ చదువుల దగ్గర. 2021 మార్చి 4 నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో ఓసీఐ పిల్లలు ఎన్ఆర్ఐ సీట్లకో, అదనంగా పెట్టే సూపర్‌న్యూమరరీ సీట్లకో మాత్రమే పోటీ పడాలి, భారత పౌరులకి కేటాయించిన సీట్లకి కాదు. అంతకుముందే ఓసీఐ ఉన్నవాళ్లకి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఊరటనిచ్చింది. ఇప్పుడు పుడుతున్న పిల్లలకి అది వర్తించదు. ఇంటర్ ఇక్కడ చదివించి డాక్టర్ చేద్దామనుకునేవాళ్లు ఈ లెక్క ఇప్పుడే వేసుకోవాలి. సీనియర్ ఇంటర్‌లో తెలిసి ఏడ్చిన తండ్రిని నేను చూశాను.

మేం ఒంగోలులో స్థిరపడిపోయాం. బాబు అమెరికా పౌరసత్వం వదిలించి ఇండియన్ చేయగలమా?

మన చట్టంలో దారి ఉంది, భారత పౌరుల మైనర్ బిడ్డగా కలెక్టరేట్ ద్వారా అప్లై చేయొచ్చు. అడ్డు అమెరికా వైపు నుంచి వస్తుంది. బిడ్డ తరఫున తల్లిదండ్రులు అమెరికా పౌరసత్వాన్ని వదులుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, అది ఆ మనిషే అర్థం చేసుకుని స్వయంగా చేయాలి. అందుకే చాలామంది ఓసీఐ మీద ఉంచి, పెద్దయ్యాక అబ్బాయి నిర్ణయానికే వదిలేస్తారు.

## పద్దెనిమిదేళ్లప్పుడు

మా వాడు విదేశంలో పుట్టి ఇండియన్‌గా నమోదయ్యాడు. 18 నిండితే మళ్లీ ఏమైనా చేయాలా?

వేరే దేశం పౌరసత్వం లేకపోతే ఏమీ చేయనక్కరలేదు. గల్ఫ్‌లో పుట్టిన పిల్లలు దాదాపు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. పుట్టుకతో ఇంకో దేశం పౌరసత్వం కూడా ఉన్నట్టయితే, 18 నిండిన ఆరు నెలల్లోపు దాన్ని వదులుకోవాలి, లేకపోతే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ నోటీసు పంపరు. ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద కాదు, అబ్బాయి ఫోన్లో పెట్టించండి.